కొండ కనిపిస్తే స్విట్జర్లాండ్, నీళ్ళు కనిపిస్తే వెనిస్

మనకో జబ్బుంది. కొండ కనిపిస్తే స్విట్జర్లాండ్ అంటాం, నీళ్ళు కనిపిస్తే వెనిస్ అంటాం. కాస్త చలి పెట్టిందని లంబసింగిని 'ఆంధ్రా కాశ్మీర్' చేసేశాం. హార్స్‌లీ హిల్స్ ఎప్పుడో 'ఆంధ్రా ఊటీ' అయిపోయింది. కేరళలో అలప్పుళ 'తూర్పు వెనిస్'. ఫలానా ఊరిని లండన్ చేస్తాం, ఫలానా బస్తీని ఇస్తాంబుల్ చేస్తాం అని నాయకులంటే చప్పట్లు కొట్టిన చేతులు కూడా మనవే. ఒక ఊరిని ఆ ఊరి పేరు పెట్టి మెచ్చుకోవడం మాత్రం మనకి చేతకాదు.

ఇప్పుడా జబ్బు మా ఊరికీ తగులుకుంది. మాది మర్కూక్. సిద్దిపేట జిల్లా, గజ్వేల్ దగ్గర. 2016లో జిల్లాలు మారినప్పుడు మండలం అయ్యేదాకా ఆ పేరు చెబితే 'అదెక్కడ?' అని అడిగేవాళ్ళు. ఇప్పుడలా కాదు. ఆఫీసులో ఎవరికైనా మా ఊరి పేరు చెబితే 'ఓ, కొండపోచమ్మ సాగర్! ఈ ఆదివారం ప్లాన్ చేస్తున్నాం, పార్కింగ్ దొరుకుతుందా?' అంటున్నారు. రీల్స్‌లో అయితే అది రిజర్వాయరు కాదు, బీచ్. డ్రోన్ పైనుంచి తీసి వెనకాల ఓ ఇంగ్లీషు పాట పెట్టి, 'హైదరాబాద్‌కి గంటన్నర దూరంలో విదేశం' అని రాస్తారు.

నాకు కోపం లేదు. మా ఊరు చూడ్డానికి నలుగురు వస్తే నాకూ సంతోషమే. కాకపోతే ఆ విదేశం ఎలా ఉంటుందో, అక్కడి కొండలూ నీళ్ళూ ఎవరి వల్ల అలా ఉన్నాయో కాస్త చూసొచ్చాను కాబట్టి, మనం దేన్ని కాపీ కొడుతున్నామో, దేన్ని వదిలేస్తున్నామో చెప్పాలనిపించింది.

2025 వేసవిలో ఆఫీసు పని మీద మ్యూనిక్‌లో కొన్నాళ్ళు ఉన్నాను. సెలవులు కలిసొస్తే అందరూ చేసేదే నేనూ చేశాను. ముందు స్విట్జర్లాండ్, తర్వాత వెనిస్.

స్విట్జర్లాండ్ గురించి కొత్తగా చెప్పేదేముంది. మన సినిమా పాటల పుణ్యమా అని అక్కడి గడ్డి రంగు కూడా మనకి కంఠతా వచ్చు. యుంగ్‌ఫ్రౌయోఖ్ అని ఒక స్టేషన్ ఉంది. 3454 మీటర్ల ఎత్తు, యూరప్‌లో అంతకంటే ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. కొండ లోపల సొరంగం తొలిచి 1896లో మొదలుపెట్టిన పని 1912లో పూర్తయ్యింది. ఇంజనీరింగ్ చదివినవాడిగా నోరు తెరుచుకుని చూసిన మాట నిజం. అయితే నాకు అంతకంటే ఎక్కువ గుర్తుండిపోయింది కింద లోయలో గడ్డి కోస్తున్న ఓ ముసలాయన.

లౌటర్‌బ్రునెన్ అని జలపాతాల లోయ. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. ఏటవాలు కొండ మీద ఓ పెద్దాయన చిన్న యంత్రం పట్టుకుని గడ్డి కోస్తున్నాడు, వెనకాల ఇంకొకరు పోగులు పెడుతున్నారు. బస్సులో పక్కన కూర్చున్న స్థానికుడు చెప్పాడు, ఏటా ఇలా కోయకపోతే, ఆవుల్ని మేపకపోతే కొన్నేళ్ళలో ఈ వాలంతా తుప్పలూ చెట్లూ పెరిగి అడవి అయిపోతుందట. అందుకే వాళ్ళ ప్రభుత్వం కొండ రైతులకి నేరుగా డబ్బులిస్తుంది. పండించిన పంటకి మాత్రమే కాదు, ఆ వాలుని అలా ఉంచినందుకు కూడా. వ్యవసాయం అంటే తిండి పండించడంతో పాటు ఆ నేలనీ, పల్లెనీ నిలబెట్టడం అని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

అంటే మన హీరో హీరోయిన్లు దొర్లిన ఆ పచ్చిక దానంతటది మొలిచింది కాదన్నమాట. ఎవరో ఒక రైతు కుటుంబం తరతరాలుగా కోసి, మేపి, కాపాడుతున్న పచ్చిక. ఆ కొండల్లో సగం అందం కొండది, సగం అక్కడ ఉండేవాళ్ళది.

మరి అక్కడ జనం వచ్చిపడి ఇబ్బంది లేదా అంటే, ఎందుకు లేదు. బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అని చిన్న పల్లె. ఓ కొరియా సీరియల్లో అక్కడి చిన్న రేవు మీద హీరో పియానో వాయిస్తాడు. అంతే, ఆసియా మొత్తం ఆ రేవు మీద ఫొటో దిగడానికి బయల్దేరింది. ఊళ్ళో ఉన్నదే నాలుగొందల మంది. చివరికి 2023లో ఆ రేవుకి తిరుగుడు గేటు పెట్టి, మనిషికి 5 ఫ్రాంకులు వసూలు చెయ్యడం మొదలుపెట్టారు. నేను చెప్పిన లౌటర్‌బ్రునెన్‌లో కూడా కార్లలో వచ్చేవాళ్ళ దగ్గర రుసుము తీసుకోవాలా అని 2024లో చర్చ నడిచింది. వాళ్ళేమీ రావొద్దనడం లేదు. వస్తే మా లెక్క ప్రకారం రండి అంటున్నారు.

ఇక వెనిస్. పొద్దున రైల్లో దిగి సాయంత్రం వెళ్ళిపోయే బాపతు వాళ్ళం కాబట్టి మేము ముందే డబ్బు కట్టి ఒక క్యూఆర్ కోడ్ తీసుకోవాల్సి వచ్చింది. ఈ పద్ధతి 2024 ఏప్రిల్ 25న మొదలైంది. రద్దీ రోజుల్లో ఊరు చూసి అదే రోజు వెళ్ళిపోయేవాళ్ళు 5 యూరోలు కట్టాలి. 2025 నుంచి ఆఖరి నిమిషంలో వచ్చేవాళ్ళకి 10. ఊరు చూడ్డానికి టికెట్టేంటని మాతో వచ్చినవాళ్ళు గొణిగారు కానీ అందరూ కట్టారు. స్టేషన్ బయట నిలబెట్టి ఫోన్లో కోడ్ చూపించమంటే బుద్ధిగా చూపించారు కూడా.

ఆ ఊరు అసలెలా నిలబడిందో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. నూటికి పైగా చిన్న చిన్న లంకలు, బురదలో దించిన లక్షల కర్ర దుంగలు, వాటి మీద రాతి పునాదులు, వాటి మీద మేడలు. నీటి అడుగున బురదలో గాలి తగలదు కాబట్టి కర్ర కుళ్ళదు. వందల ఏళ్ళ నాటి దుంగలు ఇప్పటికీ బరువు మోస్తున్నాయి. కార్లు లేవు, బైకులు లేవు. అంబులెన్సు కూడా పడవే, చెత్తబండి కూడా పడవే.

ఇంత ఊళ్ళో నన్ను ఆపేసింది మాత్రం ఒక మందుల షాపు. రియాల్టో వంతెన దగ్గర ఆ షాపు అద్దంలో ఒక డిజిటల్ బోర్డు ఉంటుంది. ఎర్ర అంకెలు. గడియారమేమో అనుకున్నాను. కాదు, ఆ పాతనగరంలో ఇంకా ఎంతమంది మిగిలారో చూపించే లెక్క. 2008 నుంచీ నడుస్తోందట. 1951లో అక్కడ లక్షా డెబ్బై వేల మందికి పైగా ఉండేవాళ్ళు. 2022లో ఆ సంఖ్య యాభై వేల కిందికి పడిపోయింది. 2023 నాటికి ఊళ్ళో మనుషుల కంటే టూరిస్టుల మంచాలే ఎక్కువైపోయాయని అక్కడి సంఘాలు లెక్కగట్టి చెప్పాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళం, రోజూ ఏదో ఒక కౌంటర్ చూస్తూనే ఉంటాం. ఒక ఊరు మెల్లగా అయిపోవడాన్ని లైవ్‌లో చూపించే కౌంటర్ చూడ్డం అదే మొదటిసారి.

కారణం అర్థం కానంత పెద్దదేం కాదు. ఒక ఇంటిని ఆ ఊరివాడికి అద్దెకిస్తే నెలకి వచ్చేది, టూరిస్టుకిస్తే వారంలో వస్తుంది. ఇళ్ళు గదులయ్యాయి. కూరగాయల కొట్టు మాస్కులమ్మే కొట్టయ్యింది. పిల్లలు తగ్గారు. ఉద్యోగస్తులు నీళ్ళవతల మెస్త్రేకి మారిపోయి పొద్దున్నే రైల్లో పనికొస్తారు. ఊరు ఉంది, మేడలున్నాయి, కాలువలున్నాయి, ఊరివాళ్ళు మాత్రం పోతున్నారు.

తిరిగొచ్చాక మా చిన్నమ్మకి ఫొటోలు చూపించాను. మా చిన్నమ్మ పుట్టినూరు మామిడ్యాల. కొండపోచమ్మ సాగర్ కింద పోయిన ఊళ్ళలో అదొకటి. ఒక్కో ఫొటో వేలితో జరుపుతూ అడిగింది.

"నీళ్ళ నడుమనే ఊరా బిడ్డా? మునగదా మరి?"

"అప్పుడప్పుడు మునుగుతది చిన్నమ్మా. 2019ల మోకాళ్ళు దాటి వచ్చినయంట నీళ్ళు. గందుకే సముద్రం మూతికాడ 78 గేట్లు గట్టిండ్రు. పోటు రాంగనె లేపుతరు."

"ఊరు మునగకుంట గేట్లు గట్టిండ్రా?"

"ఆఁ."

చిన్నమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చేస్తూ, "మాకు ముంచెటందుకు గట్టిండ్రు" అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఆ గేట్ల కథ కూడా తెలుసుకోవాలి. 2019 నవంబర్ 12న వెనిస్‌లో నీళ్ళు 187 సెంటీమీటర్లకి లేచాయి. 1966 తర్వాత అంత ఎత్తు రావడం అదే. 2020 అక్టోబర్ 3న మొదటిసారి ఆ గేట్లు లేపితే ఊరు పొడిగా ఉండిపోయింది. అక్కడంతా సత్తెకాలపు సత్తయ్యలే అనుకునేరు. ఆ గేట్ల కాంట్రాక్టుల్లో తిన్న సొమ్ము మీద 2014లో పెద్ద ఎత్తున అరెస్టులు జరిగాయి, పని ఏళ్ళ తరబడి ఆలస్యమయ్యింది. అవినీతిలో మనకేమీ తీసిపోరు :) కాకపోతే అంత తిన్నాక కూడా ఆ పని ఊరిని నిలబెట్టడానికే.

మన సంగతికొద్దాం. కొండపోచమ్మ సాగర్‌ని 2020 మే 29న ప్రారంభించారు. 15 టీఎంసీలు. గోదావరి దగ్గర సుమారు 100 మీటర్ల మట్టం నుంచి మెట్టు మెట్టుగా ఎత్తిపోసి 618 మీటర్ల దాకా తెచ్చారు. కాళేశ్వరం పథకంలో నీళ్ళు ఎక్కిన చివరి మెట్టు మా మర్కూక్ పంపుహౌసే. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడం, ఆ తర్వాతి రాజకీయం అందరికీ తెలిసిందే, అది ఇక్కడ తవ్వను. చెరువులు ఎండి, ఐదారొందల అడుగులు బోర్లేసినా తడి తగలని రోజులు చూసినవాళ్ళకి కాలువలో నీళ్ళంటే ఏంటో నాకు తెలుసు. మా పొలం పక్కన బావిలో నీళ్ళు పైకొచ్చిన సంవత్సరం మా నాయన మొహం నేను చూశాను. కాబట్టి ప్రాజెక్టే వద్దనే వాదన నాది కాదు.

ఆ నీళ్ళ కోసం మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి ఖాళీ అయ్యాయి. అక్కడివాళ్ళకి ములుగు మండలం తునికి బొల్లారం దగ్గర కాలనీ కట్టారు. వరసగా ఒకేలాంటి ఇళ్ళు, సిమెంటు రోడ్లు. ఇల్లు బాగానే ఉంది. భూమి లేదు. బర్రెను కడదామంటే జాగా లేదు. బతుకమ్మకి పుట్టింటికి పోవడమంటే మా చిన్నమ్మ ఇప్పుడా కాలనీకే పోతుంది. చిన్నప్పుడు ఏ కుంటలో బతుకమ్మని వదిలేదో ఆ కుంట మీద ఇప్పుడు ఎన్ని మీటర్ల నీళ్ళున్నాయో ఆమెకి తెలీదు.

ఇక్కడే నా అసలు వాదన. వెనిస్‌కి ఊరివాళ్ళు కొద్దికొద్దిగా పోతున్నారని ప్రపంచమంతా గుండెలు బాదుకుంటోంది. మన దగ్గర ఊరివాళ్ళని మొత్తంగా ముందే పంపించేసి, ఆ నీళ్ళ ఒడ్డున టూరిజం చేద్దామంటున్నాం. చూడ్డానికి వెళ్ళే ప్రతి చోటూ ఎవరిదో ఒక ఊరు. ఆ ఊరివాళ్ళ చెయ్యి దాని మీద ఉన్నన్నాళ్ళే అది చూడదగ్గ చోటు. ఆ చెయ్యి తీసేస్తే మిగిలేది నీళ్ళూ, కట్టా, ఖాళీ సీసాలూ.

ఆదివారం సాయంత్రం కట్ట మీదకి వచ్చి చూడండి. చుట్టూరా దాదాపు పదహారు కిలోమీటర్ల కట్ట. గాలి హాయిగా ఉంటుంది, సూర్యాస్తమయం నిజంగానే బాగుంటుంది. బిర్యానీ డబ్బాలు, ప్లాస్టిక్ గ్లాసులు, బీరు సీసాలు కూడా బాగానే ఉంటాయి. ఇదే జనం వెనిస్ వెళ్తే ఎంత బుద్ధిమంతులో! అక్కడ కాలువలో దిగి ఈత కొడితే జరిమానా. చారిత్రక కట్టడాల మెట్ల మీద కూర్చుని తింటే జరిమానా. 2019లో ఇద్దరు జర్మన్లు రియాల్టో వంతెన దగ్గర చిన్న స్టవ్ పెట్టి కాఫీ కాచుకుంటే 950 యూరోలు కట్టించుకుని ఊళ్ళోంచి పంపించేశారు. ఈ సంగతి తెలిసిన మనవాడు అక్కడ అరటితొక్క కూడా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. అంటే మనకి పద్ధతి తెలీక కాదు. ఇది ఎవరిదో ఊరని ఇక్కడ మనకి అనిపించక.

చెత్త సంగతి పోనీ అనుకున్నా ప్రాణాల సంగతి అలా అనుకోలేం. 2025 జనవరి 11, సంక్రాంతి ముందు శనివారం. హైదరాబాద్ నుంచి ఏడుగురు కుర్రాళ్ళు కొండపోచమ్మ సాగర్‌కి వచ్చారు. ఐదుగురు తిరిగి వెళ్ళలేదు. అందరూ ఇరవై ఏళ్ళు అటూ ఇటూ పిల్లలు. పేపర్లో రెండ్రోజులు వచ్చింది, తర్వాత పండగ.

ఊరి చెరువుకీ ఈ సాగర్‌కీ తేడా ఏంటో బయటినుంచి వచ్చినవాడికి ఎవరు చెప్పాలి? చెరువులో శిఖం దిక్కు నుంచి దిగితే అడుగు అడుగుకీ లోతు పెరుగుతుంది, కాలికి నేల తెలుస్తుంది. ఇది చుట్టూ కట్ట పోసి నీళ్ళు నింపిన తొట్టి లాంటిది. లోపలివైపు రాళ్ళు పేర్చిన వాలు. తడిసిన రాళ్ళ మీద పాచి. నాలుగడుగులు వేస్తే మనిషి లోతు దాటుతుంది, జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు. పైనుంచి చూస్తే మాత్రం ప్రశాంతంగా, ఒడ్డున నిలబడి ఓ వీడియో తీసుకుందాం అనిపించేలా ఉంటుంది. ఈ సంగతి మామిడ్యాల, బైలంపూర్ వాళ్ళకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అక్కడ ఎక్కడ గుట్ట ఉండేది, ఎక్కడ వాగు పారేది, ఎక్కడ బావి ఉండేది వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆ తెలిసినవాళ్ళు తునికి బొల్లారంలో పని వెతుక్కుంటున్నారు. తెలియని పిల్లలు నీళ్ళలో దిగుతున్నారు.

ఇలాంటివి మనకి కొత్త కాదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి వెళ్ళిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి యాభై మంది దాకా పోయారు. అప్పుడూ కమిటీలు, కంట్రోల్ రూములు, అన్నీ తర్వాతే. మనకి రెండే పద్ధతులు తెలుసు. ఏదీ పట్టించుకోకుండా వదిలేయడం, లేదా ప్రమాదం జరిగాక మొత్తం మూసేయడం. మధ్యలో 'సరిగ్గా నడపడం' అనేది ఒకటి ఉంటుందని మర్చిపోతాం.

నీటిపారుదల వాళ్ళు 'ఇది సాగునీటి కట్ట, షికారు కోసం కట్టింది కాదు, ఎవరూ రాకూడదు' అనొచ్చు. వాదన సరైనదే. కానీ కాపలా మనిషి లేని నిషేధం బోర్డు మీద రంగు తప్ప మరేం కాదు. జనం ఎలాగూ వస్తున్నారు. వచ్చేవాళ్ళని బతికించి పంపే ఏర్పాటు ఎవరో ఒకరు చెయ్యాలి.

'స్విట్జర్లాండ్ వాళ్ళకి డబ్బుంది బాబూ, మనకెక్కడిది' అని ఇంకో మాట. వేల కోట్లు పోసి నదిని ఐదొందల మీటర్లు పైకి ఎత్తినవాళ్ళం. కట్ట పొడుగూతా నాలుగు చోట్ల రెయిలింగు, తాళ్ళు, గాలి ట్యూబులు, ఈతొచ్చిన పదిమంది మనుషులు, ఆడవాళ్ళకి మరుగుదొడ్లు.. దీనికి స్విట్జర్లాండ్ డబ్బు కావాలా?

నన్నడిగితే చెయ్యాల్సినవి పెద్ద పెద్ద పనులేం కాదు. గాజు వంతెనలూ, తేలే హోటళ్ళూ అక్కర్లేదు. జనం దిగడానికి ఒకటో రెండో చోట్ల మెట్లతో రేవు కట్టండి. బతుకమ్మకీ, స్నానానికీ, ఫొటోకీ అదే. మిగతా చోట దిగనివ్వకండి. బండికి ఇరవయ్యో ముప్ఫయ్యో తీసుకోండి, ఆ డబ్బెంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో పంచాయతీ గోడ మీద రాయండి. ఆ కాపలా పని, పార్కింగ్ పని, చాయ్ కొట్టు, రేపు పడవలు పెడితే పడవలు, అన్నీ ముందు ఆ మూడు ఊళ్ళవాళ్ళకి ఇవ్వండి. హైదరాబాద్ కాంట్రాక్టరుకి టెండరిచ్చి, అతని కింద వాళ్ళని కూలికి పెట్టడం కాదు. వాళ్ళ సంఘానికే ఇవ్వండి. ఇది దయ కాదు. ఆ నీళ్ళు నిలబడిందే వాళ్ళ నేల మీద.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ ఊళ్ళ పేర్లు నిలబెట్టండి. ఇటలీలో ఆల్ప్స్ కొండల మధ్య రెసియా అని ఒక రిజర్వాయరుంది. 1950లో దాని కింద కురోన్ అనే ఊరు మునిగింది. ఇళ్ళు కూల్చేశారు కానీ పాత చర్చి గంటస్తంభం వదిలేశారు. ఇప్పటికీ ఆ స్తంభం ఒక్కటే నీళ్ళలోంచి పైకి నిలబడి ఉంటుంది. దాని కోసమే టూరిస్టులు వస్తారు. చూసిన ప్రతివాడూ ముందడిగే ప్రశ్న 'కింద ఏ ఊరుండేది?' అని. కొండపోచమ్మ సాగర్ చూసినవాడికి ఆ ప్రశ్నే పుట్టదు. అంత శుభ్రంగా తుడిచేశాం.

అలా కాకుండా చెయ్యడం మనకి తెలియనిదీ కాదు. మన దగ్గరా నీటి మీద ఒక చారిత్రక నగరముంది, మనమే దాన్ని ఆ పేరుతో పిలవం. నల్లమల కొండల నడుమ కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. నాగార్జునసాగర్ కింద మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆ లోయని తవ్వారు. దొరికినవాటిలో ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయీ విప్పి కొండ మీదకి చేర్చారు, కొన్నిటిని అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. ఆ కొండే ఇప్పుడు లంక, నాగార్జునకొండ. పడవలో వెళ్ళి చూసొస్తాం. పదిహేడొందల ఏళ్ళ కిందటి రాజుల ఊరు మునుగుతోందంటే అంత శ్రద్ధ పెట్టాం. మంచిదే. అదే లోయలో అప్పటికి బతికున్న పల్లెల పేర్లు మాత్రం ఎంతమందికి తెలుసు? రాజుల ఊరికి మ్యూజియం, రైతుల ఊరికి నష్టపరిహారం చెక్కు, అంతేనా?

మా దిక్కు టూర్ అనే మాట రాకముందు నుంచే జనం తిరుగుతున్నారు. కొమురవెల్లి మల్లన్న జాతరకి పోయినవాళ్ళు అక్కణ్ణుంచి తీగుల్ నర్సాపూర్‌లో కొండపోచమ్మ దగ్గరికి వస్తారు. చెట్ల కింద దిగి, బోనం వండి, తల్లికి పెట్టి, ఉన్న ఊరివాళ్ళ దగ్గరే కట్టెలూ కూరగాయలూ కొనుక్కుని పోతారు. ఆ తల్లి పేరే ఈ సాగర్‌కి పెట్టారు. ఆ యాత్రలో వచ్చినవాడు చుట్టం, ఉన్నవాడు ఇంటివాడు. ఎవరు ఎవరన్నది ఇద్దరికీ తెలుసు. ఇప్పటి వీకెండ్ టూరులో తప్పిపోయింది అదే. వచ్చినవాడున్నాడు, ఇంటివాడు లేడు.

'నువ్వు హాయిగా విదేశాలు తిరిగొచ్చి మాకు నీతులు చెప్తున్నావా' అనేవాళ్ళుంటారు. తిరగొద్దని నేననడం లేదు. డబ్బు కూడబెట్టుకుని తిరగండి, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళండి, మంచు చూపించండి, పడవ ఎక్కించండి. అక్కడ ఐదు యూరోలు కట్టేటప్పుడు 'ఇది ఎవరిదో ఊరు' అని మనకి తట్టిన ఆ మాట, ఇక్కడ కట్ట ఎక్కేటప్పుడు కూడా తట్టాలి అంటున్నాను. అంతే.

కాబట్టి ఈసారి మా దిక్కు వస్తే రండి, తప్పకుండా రండి. రాజీవ్ రహదారి మీద తేలిగ్గా వచ్చేయొచ్చు. నీళ్ళలో మాత్రం దిగకండి, ఎంత ఈతొచ్చినా సరే. తెచ్చుకున్న చెత్త తిరిగి బండిలోనే తీసుకెళ్ళండి. తినడానికి, తాగడానికి కావాల్సింది మర్కూక్‌లోనో దారిలో ఏ పల్లెలోనో కొనుక్కోండి. చాయ్ తాగుతూ ఆ కొట్టాయన్ని ఒక్క ప్రశ్న అడగండి, 'ఈ నీళ్ళ కింద ఏ ఊళ్ళుండేవి?' అని. ఆయనకి ఏ పని ఉన్నా ఆపేసి చెప్తాడు. మామిడ్యాల ఎటు, బైలంపూర్ ఎటు, తానేదార్‌పల్లి ఎటు అని చెయ్యెత్తి చూపిస్తాడు కూడా.